గంట మోగితే వచ్చేదెవరు?

దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగాయని మనవాళ్ళకో సామెత వుంది. రాజమండ్రిలో మా మేనత్త ఇంట జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. దొంగ రానేలేదు. కుక్క మాత్రం నెలరోజుల్లో తొమ్మిదిసార్లు మొరిగింది. కుక్కంటే నాలుగుకాళ్ళది కాదు లెండి, హాల్లో గోడకు తగిలించిన అలారం పెట్టె.

యీ రోజుల్లో యిది చాలా ఇళ్ళలో కనబడుతూనే వుంది. పిల్లలు ఉద్యోగాలకని దూరాలు పోతారు. పెద్దవాళ్ళు పాత ఇల్లు విడిచి రామంటారు. వీధిలో ఎవరింట్లోనో తాళం పగిలిందని తెలియగానే పిల్లలకు నిద్రపట్టదు. వెంటనే ఒక మనిషి వచ్చి, తలుపులకు అయస్కాంతపు బిళ్ళలు, హాల్లో మనిషి వొంటివేడిని పసిగట్టే కన్ను, బయటగోడకు సైరను, లోపల అంకెల పలక బిగించి, ఒక్క పూటలో పని ముగించుకుని వెళ్ళిపోతాడు. "ఇక నిశ్చింతగా వుండమ్మా" అంటారు పిల్లలు. మా అత్తయ్యకూ అలాగే చెప్పారు. ఆవిడకు డెబ్భైనాలుగేళ్ళు. మామయ్య పోయి ఆరేళ్ళయింది. పెద్దకొడుకు అమెరికాలో, చిన్నవాడు బెంగుళూరులో.

నేను కార్తీకమాసంలో నాలుగురోజులు వుండివద్దామని వెళ్ళాను. తెల్లవారుజామున ఆవిడతో కలిసి కోటిలింగాల రేవుకు వెళ్ళి, స్నానం చేసి దీపం వదలడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. నాలుగున్నరకు లేచి చూద్దును గదా, అత్తయ్య పెరట్లో నూతిగట్టు దగ్గర చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నది.

"అదేమిటి అత్తయ్యా, గోదావరికి వెళ్ళమూ?"

"మోకాళ్ళ నొప్పులే. ఎక్కడైనా నీళ్ళేగదా" అన్నది నా మొహం చూడకుండా.

నలభై ఏళ్ళుగా కార్తీక సోమవారం రేవు తప్పని మనిషి. జ్వరంతో కూడా వెళ్ళివచ్చిన మనిషి. నాకు నమ్మకం కలగలేదు. పగలు పక్కింటావిడను కదిలిస్తే సంగతి బయటపడింది.

అత్తయ్య వీధితలుపు తీసిన దగ్గరనుంచి పలకమీద నాలుగంకెలు నొక్కడానికి ఆ పెట్టె యిచ్చే గడువు ముప్ఫై సెకన్లు. అంతలోపల నొక్కకపోతే సైరను ఎత్తుకుంటుంది. ఆవిడ తడిచీరతో, చేతిలో చెంబుతో, చీకట్లో రెండుమెట్లు ఎక్కి, తాళం తీసి, చెప్పులు విడిచి, గోడ పట్టుకుని హాలు దాటి, కళ్ళజోడు వెతుక్కుని, అంకెలు నొక్కాలి. అయిదుగంటల వేళ వీధి వీధంతా అదిరిపోయేలా మోత. మొదటిసారి చుట్టుపక్కల మగవాళ్ళంతా కర్రలు పట్టుకుని పరుగెత్తుకు వచ్చారు. మూడోసారికి కిటికీల్లోంచి తొంగిచూశారు. అయిదోసారి ఎవరో, "మామ్మగారూ, మళ్ళీనా?" అని కేకవేశారు. తొమ్మిదోసారి ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదు.

ఆ రాత్రి అడిగితే అత్తయ్య దాచలేదు. "సిగ్గేసిందే అమ్మాయీ! నా మూలంగా పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. అందుకని వెళ్ళడం మానేశాను."

"పెట్టె ఆపేసి వెళ్ళకపోయావా?"

"ఆపితే ఆ సంగతి వాళ్ళ ఫోన్లో కనబడుతుందిట. అమ్మా, ఎందుకు ఆపావని చిన్నవాడు కోప్పడతాడు."

నాకు నోట మాట రాలేదు. దొంగలనుంచి కాపాడడానికని పెట్టిన పెట్టె, దొంగను ఆపిందో లేదో గాని, ఇంటి యజమానురాలిని ఇంట్లోనే బంధించింది. అంతకంటె భయపెట్టే సంగతి యింకొకటి వుంది. ఆ తొమ్మిదోసారి వచ్చినవాడు నిజంగా దొంగే అయివుంటే?

ఇక్కడ కాస్త ఆగి పాతకథ ఒకటి చెప్పుకోవాలి. విద్యుత్తుతో మోగే దొంగల గంటకు 1853లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆగస్టస్ రసెల్ పోప్ అనే ఆయన పేటెంటు పొందాడు. తలుపో కిటికీయో తెరిస్తే తీగ కలిసి గంట మోగేది. 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వర్తకుడు ఆ హక్కులు కొనుక్కున్నాడు. గంట ఒక్కటే చాలదని కొన్నాళ్ళకు ఆయన గ్రహించాడు. తరవాతి కాలంలో ఇళ్ళనుంచి, దుకాణాలనుంచి తీగలు ఒక కేంద్రానికి చేర్చి, మోగితే కదిలే మనుషులను అక్కడ కూర్చోబెట్టాడు. అలాగే 1966లో న్యూయార్కులో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు, భర్తతో కలిసి, గుమ్మం అవతల ఎవరున్నారో లోపలి తెరమీద చూపే కెమెరా, పోలీసులకు కబురందించే మీట వున్న ఏర్పాటు ఒకటి రూపొందించింది. వేళాపాళా లేని ఉద్యోగం ఆవిడది. తాముండే పేటలో పిలిచిన వెంటనే పోలీసులు వచ్చేవారు కాదు. 1969లో ఆమెకు పేటెంటు వచ్చింది. గంట మోగించడం మొదటినుంచీ తేలికే. మోగాక ఎవరు వస్తారన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు పెట్టెలోనే రాసివుంటుంది. ఏ తలుపు తీస్తే ఎంతసేపు ఆగాలి, ఎంతసేపు అరవాలి, ముందు ఎవరికి ఫోను చెయ్యాలి అన్నవన్నీ అమర్చుకోవడానికి అందులో వీలుంది. బిగించినతను కార్ఖానా నుంచి వచ్చిన అమరికను ఎలా వున్నదాన్ని అలాగే వదిలేసి వెళ్ళాడు. మర్నాడు అతన్నే పిలిపించాం. కుర్రవాడు మంచివాడే. అడిగినవాళ్ళు లేక చెయ్యలేదంతే.

"మామ్మగారూ, గడువు ఎంత పెట్టమంటారు?" అన్నాడు.

"దొంగకు లేని తొందర నాకెందుకు పెట్టావు నాయనా?" అన్నది అత్తయ్య.

ఊహించి పెట్టడం కాకుండా కొలిచి చూద్దామన్నాను. అత్తయ్య నిజంగానే చెంబు పట్టుకుని వీధిలోకి వెళ్ళి, ఎప్పటిలాగా వచ్చి తాళం తీసింది. మూడుసార్లు కొలిచాం. 48 సెకన్లు, 52, 57. గడువును 75కి పెట్టించాం. తప్పుడు మోతలు తగ్గించడానికని అమెరికాలో భద్రతా పరికరాల పరిశ్రమవారు ఏర్పరుచుకున్న ప్రమాణంలో కూడా, లోపలికి వచ్చే గడువు 30 సెకన్లకు, బయటికి వెళ్ళే గడువు 45 సెకన్లకు తగ్గకూడదని వుంది. అది కనీసపు లెక్క. ఇంట్లో అందరికంటె నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి గడువు పెట్టుకోవాలి. బయటికి వెళ్ళే గడువు తొంభై పెట్టించాం. పూలసజ్జ మరిచిపోయి వెనక్కు తిరిగే అలవాటు మా అత్తయ్యకు వుంది మరి.

"అయితే దొంగకు కూడా డెబ్భై అయిదు సెకన్లు యిచ్చినట్టేగా?" అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ గడువు వీధితలుపు ఒక్కదానికే. పెరటి తలుపు, డాబామీది తలుపు, కిటికీలకు గడువు సున్న. ఆవిడ ఎన్నడూ బయటనుంచి ఆ దారిన రాదు. వచ్చేవాడు దొంగే. తెరిచిన క్షణాన మోగాలి. మునుపు అన్నిటికీ ఒకే ముప్ఫై వుండేది. అంటే అత్తయ్యకు తక్కువ, దొంగకు ఎక్కువ!

రాత్రి పడుకునేటప్పుడు వేరే అమరిక. పెట్టెలో "ఇంట్లో వున్నాం" అనీ, "ఇల్లు విడిచి వెళ్తున్నాం" అనీ రెండు పద్ధతులుంటాయి. ఇంట్లో వున్నప్పుడు తలుపులూ కిటికీలూ మాత్రమే కాపలా కాయాలి. హాల్లోని కన్ను నిద్రపోవాలి. లేకపోతే అర్ధరాత్రి మంచినీళ్ళకు లేచిన మనిషే దొంగ అవుతుంది. ఆ తేడా ఎవరూ చెప్పక, అత్తయ్య పడుకునేముందు గదిలో మరచెంబు పెట్టుకుని, తెల్లారేదాకా గడప దాటేది కాదుట.

ఆ కన్నుకు స్వభావసిద్ధంగానే కొన్ని బలహీనతలున్నాయి. దానికి ఎదురుగా ఎండపడే కిటికీ వున్నా, కన్నుమీదనే సాలీడో పురుగో పాకినా, పిల్లి ఎదురుగా గంతువేసినా భ్రమపడవచ్చు. మండువేసవిలో గది వేడి మనిషి వొంటివేడికి దగ్గరైనప్పుడు పక్కనున్న మనిషిని కూడా సరిగా పోల్చుకోలేదు. అంచేత దానికి ఎండ తగలని మూల చూసి మార్పించాం. ఒకే కాపలాలో ఒకే కన్ను రెండుసార్లు అరిస్తే, మళ్ళీ పెట్టె ఆపి పెట్టేవరకు దాని మాట వినవద్దని అమర్చాం. తలుపుల మాట మాత్రం వింటూనే వుంటుంది.

ఇక సైరను. అది పదిహేను నిమిషాలు అరిచేలా వుంది. మనదేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాసప్రాంతాల్లో రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు చప్పుడు హద్దు 45 డెసిబెల్స్. యీ సైరన్లు దగ్గరనుంచి వింటే నూరు దాటుతాయి. నిజంగా ఆపద వచ్చినప్పుడు ఎవరూ తప్పుపట్టరు. కాని దొంగ నిలబడి పదిహేను నిమిషాలు వినడు గదా! పొరుగువారిని లేపడానికి అయిదునిమిషాలు చాలు. మిగతా పది నిమిషాలు వాళ్ళకు విసుగు పుట్టించడానికే. సైరనుతోబాటు వీధిదీపం, పెరటిదీపం వెలిగేలా కలిపించాం. దొంగకు చప్పుడుకంటె వెలుతురే గిట్టదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఫోన్ల వరస. పెట్టె మోగగానే మొదట అమెరికాకు పోయేది కబురు. మనకు రాత్రి రెండయితే అక్కడ పగలు. పెద్దబ్బాయి ఆఫీసులో వుంటాడు. అక్కడినుంచి అతను చెయ్యగలిగింది ఏమిటి? కంగారుపడి అమ్మకు ఫోను చెయ్యడం. సైరను మోతలో ఆవిడకు ఆ ఫోను వినబడదు. రెండోది బెంగుళూరు. మూడోది ఇదివరకు పక్కింట్లో వుండి ఖాళీచేసి వెళ్ళినవాళ్ళ నెంబరు!

వరస తిరగేశాం. మొదట ఎదురింటి మాష్టారు, తరవాత పక్కింటివారు, తరవాత బెంగుళూరు, చివర అమెరికా. నడిచి రాగలిగినవాళ్ళు ముందు, ఎగిరి రావలసినవాళ్ళు వెనక. ఇందులో ఒక చిక్కుంది. ఎవరో ఎత్తగానే కబురు అందిందనుకుంటుంది పెట్టె. ఎత్తింది మనిషి కాక, సందేశాలు దాచుకునే యంత్రమైతే? అందుకని విన్నవారు ఒక అంకె నొక్కితేనే అందినట్టనీ, లేకపోతే తరవాతి నెంబరుకు పొమ్మనీ అమర్చాం. పోలీసులను పిలవడం మాత్రం మనిషికే వదిలిపెట్టాం. మాష్టారు కిటికీలోంచి చూసి, అవసరమనిపిస్తే 112కు చేస్తారు. ఆ సంగతి ఆయన్ను ముందుగా అడిగి ఒప్పించాం. అడగకుండా నెంబరు ఎక్కించడం మర్యాద కాదు, ప్రయోజనమూ లేదు.

నాలుగంకెల సంగతి కూడా చెప్పాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అత్తయ్యకూ, పనిమనిషికీ, పాలబ్బాయికీ ఒకే అంకెలు! వాటితోబాటు బిగించేవాళ్ళు వాడే అసలు అంకెలు కూడా కార్ఖానాలో పెట్టినవే వున్నాయి. అవి ఆ తరహా పెట్టె బిగించే ప్రతివాడికీ తెలుసు. రెండూ మార్పించాం. పనిమనిషికి వేరే అంకెలు యిచ్చాం. ఆవిడమీద అనుమానంతో కాదు. ఎవరు ఎప్పుడు తలుపు తీశారో పెట్టె రాసిపెట్టుకుంటుంది. ఎప్పుడైనా మాట వస్తే ఆ రాత ఆవిడనే కాపాడుతుంది. మరొక ఏర్పాటు కూడా వుంది. ఎవడైనా గొంతుమీద కత్తిపెట్టి ఆపమంటే నొక్కడానికి వేరే అంకెలు. అవి నొక్కితే పెట్టె బుద్ధిగా ఊరుకున్నట్టే ఊరుకుని, చప్పుడు లేకుండా ఫోన్లు చేస్తుంది. "ఆ భయంలో కొత్త అంకెలు నాకు గుర్తుంటాయా?" అన్నది అత్తయ్య. నిజమే. అందుకని ఎప్పుడూ నొక్కేవాటిలో చివరి అంకెకు ఒకటి కలిపితే చాలునన్నట్టు పెట్టించాం.

వంటింటి విషయంలో మీరు జాగ్రత్తగా వినాలి. పొగ, గ్యాసు పసిగట్టేవి రాత్రీపగలూ మేలుకునే వుండాలి. పెట్టె ఆపినా అవి ఆగకూడదు. వాటి మోత కూడా దొంగల మోతలా వుండకూడదు. మూడుసార్లు కూసి, ఆగి, మళ్ళీ మూడుసార్లు కూస్తే అది అగ్నిప్రమాదమని గుర్తు. దొంగయితే తలుపు వేసుకోవాలి, మంటయితే తలుపు తీసుకుని పరుగెత్తాలి. రెండిటికీ ఒకే కూత అయితే మనిషి ఏది చెయ్యాలి? పొగను పసిగట్టేదాన్ని వంటింట్లో పెట్టారు. మా అత్తయ్య ఎండుమిరపకాయల పోపు వేస్తే మేమే దగ్గుతూ బయటికి పరుగెత్తుతాం, పాపం అదెంత! దాన్ని హాలుకు మార్చి, వంటింట్లో వేడిని పసిగట్టేది పెట్టించాం.

వంటగ్యాసు గాలికంటె బరువు. కారితే నేలను అంటుకుని పరుచుకుంటుంది. కనుక దాన్ని పసిగట్టే పరికరం గోడకు కింద, నేలకు దగ్గరగా వుండాలి. మోత మోగగానే దీపాలు వెలిగే ఏర్పాటు చేశామన్నాను గదా, దాన్ని గ్యాసు మోతకు మాత్రం చచ్చినా కలపకూడదు. మీటలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, కొంప అంటుకోవడానికి. అప్పుడు చెయ్యవలసింది రెగ్యులేటరు కట్టడం, తలుపులూ కిటికీలూ తీయడం, ఏ మీటా ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోను చెయ్యడం. కుర్రవాడు అన్నిటికీ కలిపి ఒకే తీగ వేసివున్నాడు. అది విడదీయించాక నా గుండె కుదుటపడింది.

చివరికి మెయిను కట్టేసి చూశాం. కరెంటు పోతే నడపడానికి పెట్టెలో చిన్న బ్యాటరీ వుంటుంది. అలాంటివి మూడు నాలుగేళ్ళకు మించి నమ్మదగ్గవి కావు. పైన ఎప్పుడు వేసిందీ తేదీ రాసి అంటించాం. నెలకొకసారి, పొరుగువారికి ముందుగా చెప్పి, పగటిపూట మోగించి చూడాలని కాలెండరు మీద గుర్తులు పెట్టాం.

సాయంత్రం బెంగుళూరుకు ఫోను చేసి మా బావకు సంగతంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత తల్లిని పిలిచి, "అమ్మా, నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"నిశ్చింతగా వుండమన్నావు గదరా! నిన్ను చింతపెట్టడమెందుకని" అన్నది ఆవిడ.

మీ ఇంట్లోనూ, మీ అమ్మగారింట్లోనూ, అత్తగారింట్లోనూ ఇలాంటి పెట్టె వుంటే యీ ఆదివారం ఒక గంటసేపు దాని ముందు కూర్చోండి. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. మీ చేతిలో గడియారం, వాళ్ళ చేతిలో తాళంచెవి. గడువు చాలుతుందా, ఫోను మొదట ఎవరికి పోతుంది, ఆ మనిషి నడిచి రాగలడా అని చూడండి. "తప్పుగా మోగిందా?" అని అడిగితే వాళ్ళు లేదంటారు. "దీనివల్ల ఏదైనా పని మానేశావా?" అని అడగండి. అప్పుడు తెలుస్తుంది.

మర్నాడు సోమవారం. ఇద్దరం రేవుకు వెళ్ళి, దీపాలు వదిలి, తడిబట్టలతో తిరిగివచ్చాం. తాళం తియ్యగానే పెట్టె కిచకిచమనడం మొదలెట్టింది. నాకు కంగారు పుట్టింది గాని ఆవిడకు లేదు. చెప్పులు విడిచి, చెంబు గూట్లో పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని, నాలుగంకెలూ నొక్కింది. పెట్టె ఊరుకుంది.

"ఇంకా ఎంత మిగిలిందే?" అన్నది.

పలకమీద చూసి, "ఇరవై ఒకటి" అన్నాను.

"ఇరవై ఒకటే! అయితే రేపు తులసికోటకు దణ్ణం పెట్టుకుని మరీ రావచ్చు" అన్నది అత్తయ్య.